ఇవాటా జీతం కోత: ప్రచారంలో ఉన్న కథ, దాని వెనక లెక్క

సంక్షిప్తంగా: వీడియో గేమ్ సంస్థల్లో ఉద్యోగాల కోత వార్త వచ్చినప్పుడల్లా నింటెండో పూర్వ అధ్యక్షుడు సతోరు ఇవాటా పేరు పైకి వస్తుంది. జీతాన్ని సగానికి తగ్గించుకుని ఉద్యోగులను కాపాడిన ప్రోగ్రామర్‌గా ఆయనను తలుచుకుంటారు. జీతం కోత నిజమే. అయితే ఆ ఉద్యోగాలను నిలిపిన శక్తులు వేరే ఉన్నాయి. ప్రోగ్రామర్‌గా ఆయన గురించి చెప్పే అద్భుతాలదీ ఇదే తీరు. జరిగింది కొంత, చేరింది కొంత. ఇవాటా పనితీరు ఏమిటో, ఆయన నిర్ణయాలు ఏ పరిస్థితుల్లో సాధ్యమయ్యాయో ఈ వ్యాసం వివరిస్తుంది.

ఇప్పుడు ఈ పేరు ఎందుకు?

2024 జనవరిలో మైక్రోసాఫ్ట్ తన గేమింగ్ విభాగంలో 1,900 మందిని తొలగిస్తున్నట్లు ప్రకటించింది. నెల తిరగగానే సోనీ ప్లేస్టేషన్ విభాగం నుంచి 900 మందిని తగ్గిస్తామంది. హైదరాబాద్‌లోనూ స్టూడియో నడుపుతున్న ఎలక్ట్రానిక్ ఆర్ట్స్ ఆ ఫిబ్రవరిలోనే ప్రపంచవ్యాప్తంగా తన సిబ్బందిలో 5 శాతానికి కోత పెట్టింది. అప్పటికి ఇవాటా చనిపోయి ఎనిమిదిన్నరేళ్లు. అయినా ఆ వార్తల వెంటే ఆయన ఫొటో, జీతం కోత కథ ఊరూరా తిరిగాయి.

కథ సులువుగా గుర్తుండిపోయేది. కంపెనీ నష్టాల్లో పడింది. అధ్యక్షుడు తన జీతం సగానికి తగ్గించుకున్నాడు, ఎవరినీ ఇంటికి పంపలేదు. మరి మిగతావాళ్లు ఆ పని ఎందుకు చేయరు? ప్రశ్న సహజమైనదే. జవాబు కోసం ముందు ఆ మనిషి ఎక్కడి నుంచి వచ్చాడో చూడాలి.

నూరు ఆదేశాల కాలిక్యులేటర్

ఇవాటా 1959 డిసెంబరు 6న జపాన్ ఉత్తర ద్వీపం హొక్కైడోలోని సప్పోరోలో పుట్టారు. హైస్కూలు రోజుల్లో ఆయన చేతికి హెచ్‌పీ-65 కాలిక్యులేటర్ వచ్చింది. అది ప్రోగ్రామ్ రాసుకోవడానికి వీలున్న యంత్రం. అందులో పట్టేది నూరు ఆదేశాలు. తెర మీద అంకెలు తప్ప మరేమీ కనిపించవు. ఆయన ఆ అంకెలతోనే ఆటలు తయారుచేశారు. తరగతిలో పక్కన కూర్చునే స్నేహితుడు వాటిని ఆడేవాడు.

తర్వాత టోక్యో ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీలో కంప్యూటర్ సైన్స్ చదివారు. టోక్యోలోని ఇకెబుకురో ప్రాంతంలో ఒక డిపార్ట్‌మెంట్ స్టోర్ కంప్యూటర్ విభాగంలో రోజూ చేరే కుర్రాళ్ల గుంపులో ఆయన ఒకరు. ఆ పరిచయాల నుంచే 1980లో హాల్ లేబొరేటరీ అనే చిన్న సంస్థ పుట్టింది. చదువుకుంటూనే అక్కడ పనిచేసి, 1982లో పట్టా పుచ్చుకోగానే పూర్తికాలం ఉద్యోగిగా చేరిపోయారు. తండ్రి మురోరన్ నగరానికి మేయర్. కొడుకు ఐదుగురున్న కంపెనీలో చేరడం ఆయనకు మింగుడు పడలేదు. ఆరు నెలల పాటు మాట్లాడలేదని ఇవాటా తర్వాత చెప్పుకున్నారు. క్యాంపస్ ప్లేస్‌మెంటు వదిలేసి ఊరూ పేరూ లేని కంపెనీలో చేరతానన్న ఇంజినీరు ఉన్న ఇంట్లో ఈ నిశ్శబ్దం ఎలా ఉంటుందో వేరే చెప్పనక్కర్లేదు.

చిప్ ముందే తెలిసి ఉండటం

ఇంట్లో టీవీకి తగిలించి ఆడుకునే ఫామికామ్ అనే ఆట యంత్రాన్ని నింటెండో 1983 జులైలో విడుదల చేసింది. దాని గుండెకాయ 6502 రకం ప్రాసెసర్. అప్పట్లో జపాన్ కంప్యూటర్లలో ఎక్కువగా వాడుకలో ఉన్నది జెడ్80 రకం. దేశంలోని ప్రోగ్రామర్లలో చాలామందికి చేయి తిరిగింది దాని మీదే. ఇవాటా విద్యార్థిగా ఉన్నప్పుడు కొనుక్కున్న కంప్యూటర్ మాత్రం అమెరికాలో తయారైన కమొడోర్ పెట్. అందులో ఉన్నది 6502. అందరూ కొత్తగా నేర్చుకోవాల్సిన చిప్ లోతుపాతులు ఆయనకు అప్పటికే ఏళ్లుగా తెలుసు. చిన్న సంస్థ అయినా హాల్‌కు నింటెండో పనులు దక్కడంలో ఈ యాదృచ్ఛికం పాత్ర తక్కువేమీ కాదు. ప్రతిభ గురించి రాసేవారు సాధారణంగా ఈ వివరాన్ని దాటేస్తారు.

ఆ చిప్‌తో పని ఎలా ఉండేదో బెలూన్ ఫైట్ ఆటలో స్పష్టంగా కనిపిస్తుంది. గాలిబుడగలు కట్టుకున్న మనిషి చేతులు ఆడిస్తూ పైకి లేస్తాడు, ఆపితే మెల్లగా కిందికి జారతాడు. ఫామికామ్ తెర మీద అడ్డంగా 256 చుక్కలు, నిలువుగా 240. తెర సెకనుకు దాదాపు 60 సార్లు మారుతుంది. మనిషిని పూర్ణ సంఖ్యల్లోనే జరిపితే, మారిన ప్రతిసారీ ఒక చుక్క జరగాలి, లేదంటే కదలకుండా నిలబడాలి. ఒక చుక్క చొప్పున జరిగినా సెకనుకు 60 చుక్కలు. నాలుగు సెకన్లలో తెర పైనుంచి కింద పడిపోతాడు. తేలడం, జారడం, గురుత్వాకర్షణ కొద్దికొద్దిగా పట్టు బిగించడం లాంటివి ఈ లెక్కలో ఇమడవు.

ఇవాటా కొలతను చుక్కకంటే చిన్నది చేశారు. మనిషి స్థానాన్ని దశాంశ భాగాలతో సహా లెక్కగట్టారు. కిరాణా కొట్టులో ఖాతా పుస్తకం దీనికి సరైన పోలిక. రాసుకునేది పైసలతో సహా, వసూలు చేసేది రూపాయల్లో. పైసలు ఎవరికీ కనపడవు, కానీ పోగై రూపాయి అయిన రోజు బిల్లులో చేరతాయి. ఒకసారికి పావు చుక్క చొప్పున కదిలే మనిషి మూడుసార్లు తెర మీద కదలడు, నాలుగోసారి ఒక చుక్క జరుగుతాడు. కంటికి అది నునుపైన జారుడుగా కనిపిస్తుంది. 6502కు గుణించే ఆదేశం కూడా లేదు. కూడికలు, తీసివేతలు, అంకెలను పక్కకు జరపడం మాత్రమే ఉన్నాయి. ఈ లెక్కకు ఆ మూడూ సరిపోతాయి.

అదే ఆట ఆర్కేడ్ రూపాన్ని, అంటే ఆటశాలల్లో నాణెం వేసి ఆడే రూపాన్ని, నింటెండోతో కలిసి పనిచేసే తోషిహికో నకాగో బృందం తయారుచేసింది. ఆర్కేడ్ యంత్రం కంటే ఇళ్లలో ఆడే ఫామికామ్‌లోనే మనిషి నున్నగా కదులుతున్నాడని వారు గమనించారు. కిటుకు ఏమిటని నకాగో అడిగితే ఇవాటా దాచుకోకుండా చెప్పారు. 1985 సెప్టెంబరులో వచ్చిన సూపర్ మారియో బ్రదర్స్‌లో మారియో నీళ్లలో ఈదే తీరు వెనక ఉన్నది ఆ లెక్కే.

మదర్ 2: కొత్తగా మొదలుపెట్టడం

ఇవాటా కథల్లో ఎక్కువగా చెప్పుకునేది మదర్ 2 ఆటది. ప్రసిద్ధ ప్రకటనల రచయిత షిగేసాతో ఇతోయి రూపకల్పన చేసిన ఆ ఆట ఏళ్ల తరబడి నడిచి ఎటూ తేలక ఆగిపోయింది. సాయానికి పిలిస్తే వెళ్లిన ఇవాటా రెండు దారులు చూపించారు. ఉన్నదాన్ని సరిచేసుకుంటూ పోతే రెండేళ్లు, మొదటి నుంచి రాయనిస్తే ఆరు నెలలు. ఇతోయి రెండోదానికి ఒప్పుకున్నారు. ఆరు నెలల్లో ఆట మొదటి నుంచి చివరి దాకా నడిచే స్థితికి వచ్చింది. మెరుగులు దిద్దుకుని 1994 ఆగస్టులో విడుదలైంది.

ప్రచారంలో ఉన్న రూపంలో ఒక మేధావి వచ్చి ఒంటిచేత్తో ఆటంతా రాసేస్తాడు. జరిగింది వేరు. ఆయన ముందు రాసింది ఆట కాదు, ఆట తయారుచేసుకునే పనిముట్లు. అంతవరకు సంభాషణ మార్చాలన్నా, పటంలో ఒక ఇల్లు జరపాలన్నా ప్రోగ్రామర్ కోసం ఎదురుచూడాల్సి వచ్చేది. పనిముట్లు వచ్చాక రచయిత తన మాటలు తానే మార్చుకున్నాడు, చిత్రకారుడు తన బొమ్మలు తానే అమర్చుకున్నాడు. పదిమంది ఒకే గుమ్మం దగ్గర వరుసలో నిలబడటం తప్పింది. ఆరు నెలల లెక్క సాధ్యమైంది అందువల్లే. తలుపు ఒకటే ఉన్న గదిలోకి ఎంతమంది పనివాళ్లను పంపినా పని వేగం పెరగదన్నది ఆయనకు పట్టుబడిన సూత్రం. ఆయన తర్వాతి నిర్ణయాల్లోనూ ఇదే పదేపదే కనిపిస్తుంది.

పోకెమాన్ కథలో గింజ ఎంత, పొల్లు ఎంత

1999లో వచ్చిన పోకెమాన్ గోల్డ్, సిల్వర్ ఆటల గురించి ఒక కథ ఉంది. ఆటను నింపి అమ్మే కార్ట్రిడ్జ్‌లో చోటు అయిపోయిందని, ఇవాటా మొత్తం కోడ్‌ను కుదించేసరికి సగం చోటు మిగిలిందని, అందువల్లే మొదటి ఆటలోని కాంటో ప్రాంతాన్ని అదనంగా చేర్చారని. ఆట రూపకర్తలు బయటకు చెప్పిన మాటల్లో ఇంత లేదు. వారు చెప్పినది బొమ్మలను కుదించే పనిముట్టును ఇవాటా తయారుచేసి ఇచ్చారని. కాంటో చేరడానికి అదే కారణమన్నది తర్వాత ఎవరో కలిపిన ముడి.

ఆ కుదింపు ఎలా జరుగుతుందో తెలియాలంటే పాటల పుస్తకం తెరిస్తే చాలు. ప్రతి చరణం తర్వాత పల్లవి మొత్తం మళ్లీ అచ్చు వేయరు. రెండు నిలువు గీతల మధ్య పల్లవి మొదటి మాట వేసి వదిలేస్తారు. పాడేవాడు వెనక్కి వెళ్లి అందుకుంటాడు. కుదించిన బొమ్మలోనూ అంతే: ఇంత వెనక్కి వెళ్లి, అక్కడి నుంచి ఇన్ని బైట్లు తెచ్చి పెట్టు అన్న చిన్న ఆదేశం మాత్రమే ఉంటుంది. హాల్ సంస్థ ఆటల్లో ఈ తరహా కుదింపు అంతకుముందే వాడుకలో ఉంది. 1984లో ఫామికామ్ గోల్ఫ్ ఆటలోకి 18 మైదానాల వివరాలు పట్టించినప్పటి నుంచీ చోటు మిగల్చడం ఇవాటాకు అలవాటైన విద్య. గోల్డ్, సిల్వర్‌కు అది కొత్త మంత్రమేమీ కాదు. ఉన్న విద్యను అవసరమైన చోట వాడారు.

దీనికంటే అరుదైన పని వెనక్కి పోయింది. చేతిలో పట్టుకుని ఆడే గేమ్‌బాయ్ యంత్రం కోసం రాసిన పోకెమాన్‌లోని పోరాట వ్యవస్థను టీవీకి తగిలించే నింటెండో 64 యంత్రానికి మార్చాల్సి వచ్చింది. రెండు యంత్రాల ప్రాసెసర్లకు పొంతన లేదు. నియమాలు వివరించే పత్రాలూ లేవు. ఇవాటా గేమ్‌బాయ్ మూలకోడ్ చదివి, అర్థం చేసుకుని, వారంలో కొత్త యంత్రం మీద నడిపించారు. ఆ వ్యవస్థను మొదట రాసిన షిగేకి మోరిమోటో ఇదేం కంపెనీ అధ్యక్షుడని విస్తుపోయినట్లు చెప్పారు. అవును, ఇవాటా అప్పటికే హాల్ సంస్థకు అధ్యక్షుడు.

150 కోట్ల యెన్ల అప్పు

1992 నాటికి హాల్ దివాలా అంచుకు చేరింది. నింటెండో అధిపతి హిరోషి యామౌచి ఆదుకుంటానన్నారు, ఇవాటాను అధ్యక్షుడిగా చేయాలన్న షరతు మీద. 1993లో, 33 ఏళ్ల వయసులో, ఆయన నెత్తిన 150 కోట్ల యెన్ల అప్పుతో సహా ఆ పదవి పడింది. హాల్ తయారుచేసిన కిర్బీ ఆటల విజయం తోడై ఆరేళ్లలో అప్పు తీరింది.

ఈ కాలంలో ఆయన మొదలుపెట్టిన ఒక అలవాటు గమనించదగ్గది. ఏడాదికి రెండుసార్లు సంస్థలోని ప్రతి ఉద్యోగితో విడిగా కూర్చుని మాట్లాడేవారు. సంతోషంగా ఉన్నారా అన్నది తొలి ప్రశ్న. సంభాషణ ఒక్కోసారి 20 నిమిషాలు, ఒక్కోసారి గంటలు. అది మంచితనం అనుకుంటే తప్పు కాదు గానీ, ప్రోగ్రామర్ కంటితో చూస్తే మరో అర్థం ఉంది. నెమ్మదించిన ప్రోగ్రామ్‌ను బాగుచేసేవాడు ముందు సమయం ఎక్కడ ఖర్చవుతుందో కొలుస్తాడు. ఊహ మీద ఆధారపడి తోచిన చోట కోడ్ మార్చడు. ఉద్యోగి పని ఎక్కడ ఇరుక్కుందో ఉద్యోగిని అడిగి తెలుసుకోవడం కూడా ఆ కొలతే.

అమెరికా ప్రోగ్రామర్ జాన్ కార్మాక్‌తో పోలిస్తే తేడా తెలుస్తుంది. 1993లో వచ్చిన డూమ్ ఆట ఇంజిన్‌ను, అంటే ఆటను నడిపించే మూల ప్రోగ్రామ్‌ను రాసిన కార్మాక్ దశాబ్దాల పాటు కోడ్ దగ్గరే ఉండిపోయారు. ఆయన ప్రభావం ఆయన రాసిన ఇంజిన్ల ద్వారా పాకింది. ఇవాటా ప్రభావం ఆయన నడిపిన మనుషుల ద్వారా పాకింది. 2000లో నింటెండోలో చేరి, 2002 మే నెలలో నాలుగో అధ్యక్షుడయ్యారు. 1889లో పేకముక్కల తయారీతో మొదలైన సంస్థకు యామౌచి కుటుంబం బయటి నుంచి వచ్చిన తొలి అధ్యక్షుడు ఆయనే. ఈ రెండింటి మధ్య, 2001లో, ఒక ఆట విడుదల గడువు తప్పేలా ఉందని హాల్‌కు వెళ్లి మూడు వారాలు కూర్చుని దోషాలు వెతికారు. సూపర్ స్మాష్ బ్రదర్స్ మెలీ అనే ఆ ఆట ఇంజినీరుగా ఆయన చివరి పని.

జీతం కోత: అసలు అంకెలు

ఆయన హయాంలో వచ్చిన ఆట యంత్రాల్లో చేతిలో పట్టుకుని ఆడే డీఎస్ 15.4 కోట్లు, టీవీకి తగిలించే వీ 10.1 కోట్లు అమ్ముడుపోయాయి. ఆ ఊపు తగ్గాక కష్టాలు మొదలయ్యాయి. డీఎస్ తర్వాతి యంత్రంగా 2011లో విడుదలైన 3డీఎస్ అమ్మకాలు మందగించడంతో ఆరు నెలలు కూడా తిరగకముందే జపాన్‌లో ధరను 25,000 యెన్ల నుంచి 15,000కు దించాల్సి వచ్చింది. అప్పుడు మొదటిసారి ఇవాటా తన స్థిర జీతంలో సగం వదులుకున్నారు. 2012 మార్చితో ముగిసిన ఏడాదిలో సంస్థ నిర్వహణ నష్టం 3,730 కోట్ల యెన్లు. రెండోసారి 2014 జనవరిలో. వీ తర్వాతి యంత్రమైన వీ యూ అమ్మకాల అంచనా 90 లక్షల నుంచి 28 లక్షలకు పడిపోయింది. 10,000 కోట్ల యెన్ల లాభం వస్తుందనుకున్న చోట 3,500 కోట్ల నష్టం తప్పదని సంస్థ ప్రకటించింది. ఇవాటా ఐదు నెలల పాటు సగం జీతం, డైరెక్టర్లు మియామోటో, తకెడా 30 శాతం, మిగతా డైరెక్టర్లు 20 శాతం వదులుకున్నారు.

3,500 కోట్ల యెన్ల గొయ్యిని ఒక అధ్యక్షుడి ఐదు నెలల సగం జీతం పూడ్చలేదు. డైరెక్టర్లందరి జీతాలు పూర్తిగా పోసినా పూడదు. ఆ కోత డబ్బు మిగల్చడానికి చేసింది కాదు. తప్పు ఎవరిదో వాటాదారులకూ ఉద్యోగులకూ చెప్పే పద్ధతి అది. జపాన్ సంస్థల్లో ఇది పాత ఆనవాయితీ.

మరి ఉద్యోగాలు ఎలా నిలిచాయి? మొదటి కారణం ఖజానా. నింటెండోకు అప్పు దాదాపు లేదు. చేతిలో ఉన్న నగదు, పెట్టుబడులు పదుల వేల కోట్ల యెన్లు. వరుసగా రెండు మూడేళ్లు నష్టం వచ్చినా తట్టుకునే సత్తా డీఎస్, వీ రోజుల్లోనే సమకూరింది. రెండోది యెన్ విలువ. అమ్మకాల్లో అధిక భాగం విదేశాల్లో. డాలర్‌కు 80 యెన్లకు కాస్త అటూ ఇటూగా ఉన్నప్పుడు నష్టం ఉబ్బింది, యెన్ పడిపోయి 100 దాటాక భారం తగ్గింది. 2013 జూన్ వాటాదారుల సమావేశంలో సిబ్బందిని ఎందుకు తగ్గించరని అడిగినప్పుడు ఇవాటా ఈ మారకపు రేటు సంగతి కూడా చెప్పారు. అందరూ ఉటంకించే భాగం వేరు: తాత్కాలిక ఫలితాల కోసం మనుషులను తీసేస్తే మిగిలినవారి మనోబలం దెబ్బతింటుందని, ఉద్యోగం పోతుందన్న భయంతో పనిచేసేవారు ప్రపంచాన్ని మెప్పించే ఆటలు తయారుచేయలేరని.

మూడోది చట్టం. జపాన్‌లో సమంజసమైన కారణం లేని తొలగింపు చెల్లదు. నష్టాల పేరుతో తొలగిస్తే, దాన్ని తప్పించడానికి సంస్థ ముందుగా ఏం చేసిందో న్యాయస్థానాలు పరిశీలిస్తాయి. పై అధికారుల జీతాల తగ్గింపు అలాంటి ప్రయత్నాల్లో ఒకటి. అయితే చట్టం ఒక్కటే కారణమైతే సోనీ 2012లో 10,000 ఉద్యోగాల కోత ప్రకటించి ఉండేది కాదు. దేశం అదే, కాలం అదే, కానీ ఖజానాల బరువు వేరు.

ఎవరినీ తీయలేదన్న మాట కూడా పూర్తి నిజం కాదు. 2014 జూన్‌లో నింటెండో తన యూరప్ విభాగాన్ని పునర్వ్యవస్థీకరిస్తూ జర్మనీలోని గ్రోసోస్ట్‌హైమ్ కార్యాలయాన్ని మూసివేస్తామని ప్రకటించింది. దాదాపు 130 మంది ఉద్యోగాలు పోయాయి. బయటి సంస్థల తరఫున పనిచేసేవారు మరో 190 మంది వరకు. జీతాల కోత గడువు ముగిసిన నెల కూడా అదే. ప్రచారంలో తిరిగే కథలో ఈ ఊరి పేరు ఎక్కడా రాదు.

మిగతా సంస్థలకు ఇది ఎందుకు కుదరదు

ఉద్యోగాలు తీయకపోవడం ఇవాటాకు ఒక లెక్క కూడా. నింటెండో యంత్రాన్నీ ఆటనూ తానే తయారుచేస్తుంది. ఒక యంత్రం విఫలమైతే దాని కోసం నేర్చుకున్నది తర్వాతి యంత్రానికి పనికొస్తుంది, నేర్చుకున్నవాళ్లు ఉంటేనే. అమెరికాలోని పెద్ద ప్రచురణ సంస్థల నిర్మాణం వేరు. ఒక్కో ఆటకు వందల మందిని చేర్చుకుంటాయి, ఆట విడుదలయ్యాక అంతమందికి వెంటనే పని ఉండదు. కొనుగోళ్ల ద్వారా పెరిగిన సంస్థల్లో ఒకే పని చేసే విభాగాలు రెండేసి తేలతాయి. మైక్రోసాఫ్ట్ 1,900 కోత కూడా ఆక్టివిజన్ బ్లిజార్డ్ అనే ఆటల సంస్థ కొనుగోలు ముగిసిన మూడు నెలల తర్వాత వచ్చిందే. అక్కడ అధిపతి జీతం సగానికి తగ్గినా ఈ లెక్క మారదు.

ఇవాటా పిత్తవాహికలో వచ్చిన కణితితో 2015 జులై 11న, 55వ ఏట మరణించారు. అంతకు నాలుగు నెలల ముందు ఎన్ఎక్స్ అనే సంకేతనామంతో ఆయన ప్రస్తావించిన యంత్రం 2017 మార్చిలో స్విచ్ పేరుతో వచ్చి 15 కోట్లకు పైగా అమ్ముడుపోయింది. ఆయన తర్వాత అధ్యక్షుడైన తత్సుమి కిమిషిమా బ్యాంకు ఉద్యోగం నుంచి వచ్చినవారు. 2018 నుంచి ఆ కుర్చీలో ఉన్న షుంతారో ఫురుకావా లెక్కల విభాగంలో పెరిగినవారు. ఇద్దరూ ప్రోగ్రామర్లు కారు. 2023 ఫిబ్రవరిలో నింటెండో తన వార్షిక లాభాల అంచనాను తగ్గించింది. అప్పుడే ఉద్యోగుల మూల వేతనాన్ని 10 శాతం పెంచుతున్నట్లు కూడా ప్రకటించింది.